పంజరం పక్క టేబుల్

పక్క టేబుల్ దగ్గర పాట మొదలవగానే రెస్టారెంటంతా చప్పబడిపోయింది.

అది వీడ్కోలు పాట. శవపేటికను గోతిలోకి దించేటప్పుడు పాడే పాట. ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో కిటకిటలాడే చోట, అందులోనూ పుట్టినరోజు విందులో, మతి ఉన్నవాడెవడూ దాన్ని అడిగి పాడించుకోడు.

ఎలోదియా బర్రగాన్ తుంచిన మొక్కజొన్న రొట్టె నోటిదాకా వచ్చి ఆగింది. పోలీసు శాఖలో ఏళ్ళ తరబడి హంతకుల వెంట తిరిగి, ఆ ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్న మనిషి ఆమె. భయాన్ని మొహం మీదికి రానివ్వకపోవడం ఆమెకు అలవాటు. ఇవాళ ఆ అలవాటు అక్కరకు రాలేదు. ఎదురుగా తల్లి దోన్యా కూకా కూర్చుని ఉంది. పక్కన తమ్ముడు ఫెర్మీన్. వాడి పక్కన వాడి ఏడేళ్ళ కూతురు సిత్లాలి.

"ఎవడే అమ్మాయీ ఆ దరిద్రపు పాట పాడించేది?" అని గొణిగింది దోన్యా కూకా.

ఫెర్మీన్ తలెత్తలేదు. గిన్నెలోని మాంసం పులుసులోకి చూస్తూ ఉండిపోయాడు. మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటోంది.

చిలకల పంజరం పక్కనున్న ఆ పెద్ద టేబుల్ దగ్గర రెంతెరియా కుటుంబం. మెడలో కాగితం పూల దండతో, అందరికంటే ఎక్కువగా నవ్వుతూ కూర్చున్నాడు ఇంటిపెద్ద దోన్ ఇలారియో. పాట అయిపోగానే పాటగాడు నికనోర్ గిటారు వెనక్కి తిప్పుకుని, ఒక మట్టి పిడత తెచ్చి ఆయన ముందు పెట్టాడు. నిమ్మరసం కలిపిన టెకీలా. పిడత అంచు చుట్టూ ఎర్రగా కారం పూసి ఉంది.

"మీ స్నేహితుడు ఒకాయన పంపాడు, దోన్."

"ఇంత వెటకారం తెలిసినవాడు నా స్నేహితుల్లో ఇంకా బతికే ఉన్నాడా?" అన్నాడు దోన్ ఇలారియో. టేబులంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వుతో పక్క టేబుళ్ళ వాళ్ళకీ ఊపిరి తిరిగింది. ఆయన పిడత ఎత్తి గటగటా తాగేశాడు. "అబ్బ, ఏం కారం రా నాయనా" అని మంచినీళ్ళు అడిగాడు.

నీళ్ళు వచ్చేసరికి ఆయన టేబుల్ మీద పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

అంబులెన్సు వచ్చింది. కుటుంబమంతా దాని వెంటే ఏడుస్తూ వెళ్ళిపోయింది. కాసేపటికి రెస్టారెంటు యజమానికి ఫోన్ వచ్చింది. దారిలోనే పోయాడట. పోలీసులు వచ్చేదాకా లోపలున్నవాళ్ళెవరూ కదలొద్దన్నారట.

"అక్కా, మనం వెళ్ళిపోదాం" అన్నాడు ఫెర్మీన్.

"ఇప్పుడు తలుపు దాటితే బయట ఎవరుంటారో తెలియదురా. గోడవైపు జరిగి కూర్చో. అమ్మా, సిత్లాలిని నీ పక్కకి తీసుకో. ఎవరేం పెట్టినా ముట్టుకోకండి."

"నా పులుసు?" అంది సిత్లాలి.

"అది కూడా, తల్లీ."

ఎలోదియా లేచి పంజరం పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళింది.

కేకు కొయ్యకుండానే ఉంది. సగం తిన్న రొట్టెలు, ఒలికిన బీన్సు, వెనక్కి పడిపోయిన కుర్చీ. టేబుల్ మీద మట్టి పిడతలు చాలానే ఉన్నాయి. ఆమె చేతి రుమాలు వేలికి చుట్టుకుని ఒక్కొక్కదాన్నీ పక్కనుంచి తాకి చూసింది. ఇక్కడ పిడతల్ని రోజంతా నీళ్ళ తొట్టిలో నాననిస్తారు. అందుకే వాటికి ఒళ్ళంతా చెమట పట్టినట్టు తడి, చల్లదనం. దోన్ ఇలారియో కుర్చీ ముందున్న పిడత ఒక్కటే పొడిగా ఉంది. ఎండలో నడిచి వచ్చిన మనిషి అరచేయిలా వెచ్చగా ఉంది.

అంటే అది ఈ వంటింట్లోంచి రాలేదు. బయటినుంచి ఎవరో చేత్తో పట్టుకుని తెచ్చారు.

ఆమె కిందికి వంగి, తాకకుండా వాసన చూసింది. టెకీలా, నిమ్మ, దట్టంగా కారం. అంత కారం నాలుక రుచి పట్టకుండా చెయ్యడానికే.

నికనోర్ గల్లాపెట్టె దగ్గర గిటారుని కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే తనే మొదలుపెట్టాడు.

"నేనేం కలపలేదమ్మా. నా మనవడి మీద ఒట్టు. ఇచ్చింది తెచ్చి పెట్టానంతే."

"మీరు కలిపారని ఎవరన్నారు మాస్టారూ? ఎవరిచ్చారో చెప్పండి చాలు."

"ఒక కుర్రాడు. పసుపు టోపీ. లోపలికి కూడా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. పిడత నా చేతికిచ్చి, ఆ పాట పాడి ఇది ఇవ్వమన్నాడు."

"పుట్టినరోజు ముసలాయనకి ఆ పాటేంటని అడగలేదా మీరు?"

"పుట్టినరోజని నాకెలా తెలుస్తుంది? దూరప్రయాణం వెళ్ళే స్నేహితుడికి అన్నాడు. మనవాళ్ళు పని కోసం సరిహద్దు దాటి పొరుగుదేశం పోతుంటే ఆ పాట పాడించుకోరూ? అలాగే అనుకున్నా."

"దోన్ ఇలారియోని వేలు పెట్టి చూపించాడా?"

"చూపించడానికి అప్పటికి ఆయన వస్తేగా! టేబుల్ ఖాళీగా ఉంది. పంజరం పక్క టేబుల్, గోడవైపు పెద్దకుర్చీలో కూర్చునే మనిషికి అన్నాడు. వచ్చి కూర్చుని, కాస్త తిన్నాక పాడమన్నాడు."

ఎలోదియా ఖాళీగా ఉన్న ఆ పెద్దకుర్చీ వైపు తిరిగి చూసింది.

"ఇంకోసారి చెప్పండి. వాళ్ళు రాకముందే చెప్పాడా?"

"వాళ్ళు రాకముందే. మీరూ రాకముందే."

ఆ చివరి మాట అతను ఊరికే అన్నాడు. ఎలోదియాకి మాత్రం వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. ఆమె గబగబా వంటింటి గుమ్మం దగ్గరికి నడిచింది. వడ్డించే మక్లోవియా అక్కడ ముక్కు చీదుతూ నిలబడి ఉంది.

"మక్లోవియా, పంజరం పక్క టేబుల్ ఇవాళ ఎవరి పేరు మీద ఉంది?"

మక్లోవియా కళ్ళు తుడుచుకుని ఆమెని వింతగా చూసింది. "మీ పేరు మీదే కదమ్మా. పొద్దున మీరు ఫోన్ చేసి టేబుల్ కావాలంటే అదే ఉంచా."

"మరి వాళ్ళకెందుకిచ్చావు?"

"వాళ్ళింటి పెద్దావిడ చక్రాల కుర్చీలో వచ్చింది. పక్క టేబుల్‌కి మెట్టుంది కదా, కుర్చీ ఎక్కదు. మీరెలాగూ ఏమీ అనుకోరని మార్చేశా. మీకు చెప్పడం మర్చిపోయా. కోపమొచ్చిందా?"

"లేదు. మా టేబుల్ గురించి ఇంకెవరైనా అడిగారా?"

"మీ ఇంటినుంచే మళ్ళీ ఫోన్ వచ్చిందిగా! మీరు రావడానికి కాస్త ముందు. ఆడమనిషి గొంతు. జ్వరం బిడ్డని తీసుకుని రావాలనుకుంటున్నా, గాలి కొట్టని చోటేనా అని అడిగింది. పంజరం పక్కన, వెచ్చగా ఉంటుందని చెప్పా. మగాయన గోడవైపు కూర్చుంటాడా, బిడ్డని ఆయన పక్కన పడుకోబెడతా అని కూడా అంది. ఆయన ఎప్పుడూ గోడవైపేగా అన్నా. పాపం, ఆవిడకీ జలుబనుకుంటా, గొంతు పూడుకుపోయింది."

ఫెర్మీన్ భార్య నయేలి. చంటిబిడ్డకి ఒళ్ళు వెచ్చబడిందని, మీరు వెళ్ళి తిని రండి అని ఇంట్లోనే ఉండిపోయింది. వీళ్ళు నలుగురూ ముందు చర్చికి వెళ్ళి, పూజ అయ్యాక ఇటు వచ్చారు. బిడ్డని తీసుకుని వస్తానని నయేలి వీళ్ళెవరితోనూ అనలేదు.

ఎలోదియా అక్కడే నిలబడి నయేలికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

ఫెర్మీన్ చెడిపోయిన బళ్ళని లాక్కెళ్ళే క్రేన్ లారీ నడుపుతాడు. రెండు నెలల కింద లోయ పక్క రోడ్డు మీద ఆగిపోయిన బండి కోసం వెళ్ళినవాడు చూడకూడనిది చూశాడు. క్వారీ కూలీల నాయకురాలు ఇర్మా కూర్చుని ఉన్న కారుని ఇద్దరు మనుషులు అంచుమీదినుంచి తోసేశారు. ఆ ఇద్దరూ క్వారీ యజమాని తొవార్ దగ్గర పనిచేసేవాళ్ళు. రేపు పొద్దున కోర్టులో ఆ మాట చెప్పాలి. అప్పట్నుంచీ గడప దాటని కొడుకుని చూడలేక, "ఒక్క పూట, మనుషుల్లా కూర్చుని అందరం కలిసి తిందాం" అని పోరి పోరి తీసుకొచ్చింది దోన్యా కూకా. ఎలోదియా సరేనంది. నలుగురిలో ఉంటే భయం లేదనుకుంది.

ఆమె టేబుల్ దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఫెర్మీన్ ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"నాకేనా?" అన్నాడు మెల్లగా.

"మాట్లాడకు. పిల్ల వింటుంది."

"ఆయన పుట్టినరోజు అక్కా" అన్నాడు. ఇంకేదో అనబోయి, గుప్పిట నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని కమాండర్ లొమెలీ వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇస్త్రీ నలగని చొక్కా, సెంటు వాసన. ఒకప్పుడు ఎలోదియా, అతనూ ఒకే గదిలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. ఆమె తవ్విన కేసుల్ని అతను పూడ్చేవాడు. అలా పూడ్చిన ఒక కేసు తర్వాతే ఆమె ఉద్యోగం మానేసింది.

"ఓహో, మేడమ్ డిటెక్టివ్!" అన్నాడు చేతులు చాచి. "నువ్వెక్కడ భోంచేస్తే అక్కడ శవం లేస్తుందేమిటి? ఈసారి మా ఇంటికి మాత్రం రాకు తల్లీ."

"పిలిస్తేగా రావడానికి. ఆ టేబుల్ మీద పిడత చూడండి, కమాండర్. పొడిగా ఉన్నది. అందులో విషం ఉంది."

"విషమా! ముసలాడు పంది మాంసం, టెకీలా, కేకు. గుండె ఆగింది. దీనికి విషం దాకా ఎందుకు?"

"మిగతావన్నీ నీళ్ళలో నానినవి. అదొక్కటే బయటినుంచి వచ్చింది. తెచ్చినవాడు పసుపు టోపీ కుర్రాడు. ఆ పాటగాడు గుర్తుపడతాడు."

లొమెలీ నడుచుకుంటూ వెళ్ళి పిడతని ఒట్టి చేత్తో తీశాడు. అటూ ఇటూ దొర్లించి, బొటనవేలితో అంచుమీది కారం తుడిచేసి, వాసన చూశాడు.

"చేతికి తొడుగు వేసుకోండి!" అని అరిచింది ఎలోదియా. "దాని మీద వేలిముద్రలుంటాయి!"

"ఉంటే నావి ఉంటాయిప్పుడు" అని నవ్వి, పిడతని కానిస్టేబుల్ చేతికిచ్చాడు. "నువ్విక్కడ భోజనానికి వచ్చావు, ఎలోదియా. భోంచెయ్యి. పంచనామా రాసే ఉద్యోగం నీది కాదిప్పుడు."

"మీదైనా మీరు ఎప్పుడు రాశారు గనక?"

పక్క టేబుళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. లొమెలీ నవ్వు మాత్రం చెదరలేదు. అతను కుర్చీ లాక్కుని వీళ్ళ టేబుల్ దగ్గరే కూర్చున్నాడు. సిత్లాలి బుగ్గ మీద చిటికేశాడు. దోన్యా కూకాకి తలవంచి దండం పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"దెబ్బలాట పక్కన పెడదాం. రేపు ఫెర్మీన్ కోర్టుకి రావాలి. ఈ గొడవలో మీవాణ్ణి ఇక్కడుంచడం నాకిష్టం లేదు. నా కారు గుమ్మంలో ఉంది. ఇప్పుడే తీసుకెళ్ళి మా గెస్ట్‌హౌసులో పెడతా. గదిముందు ఇద్దరు మనుషుల్ని కాపలా ఉంచుతా. పొద్దున నేనే తీసుకొస్తా."

ఎలోదియాకి అతనంటే చిన్నచూపే గానీ, ఆ మాటకి లోపలెక్కడో బిగిసిపోయిన ముడి కాస్త వదులైంది. ఆ క్షణంలో ఎవరైనా సరే, ఎలాంటివాడైనా సరే, ఫెర్మీన్ని తన చేతిలోంచి తీసుకుని తలుపేసి గొళ్ళెం పెడితే చాలనిపించింది.

"వెళ్ళరా నాయనా" అంది దోన్యా కూకా. "తుపాకీ ఉన్నవాడి పక్కనుంటే మంచిది."

ఫెర్మీన్ అక్క వైపు చూశాడు. ఆమె ఇంకా తటపటాయిస్తోంది. లొమెలీ లేచి ఫెర్మీన్ మోచెయ్యి పట్టుకుని లేపాడు.

"ఇంకా ఆలోచనేంటి ఎలోదియా? ఆ ముసలావిడ చక్రాల కుర్చీకి దండం పెట్టుకో. అది లేకపోతే ఈపాటికి అంబులెన్సు ఎక్కింది నీ తమ్ముడే."

అతను ఆ మాట దయగానే అన్నాడు. ఫెర్మీన్ తల ఊపి ఒకడుగు వేశాడు కూడా.

ఎలోదియా కదల్లేదు. ముసలావిడ తన చక్రాల కుర్చీతో సహా అంబులెన్సు వెంట వెళ్ళిపోయాక గానీ లొమెలీ ఈ గడప తొక్కలేదు. టేబుళ్ళు మారిన సంగతి తను అతనితో అనలేదు. మక్లోవియా వంటింట్లోంచి బయటికే రాలేదు. నికనోర్‌కి ఆ సంగతే తెలియదు. మరి పిడత వేరేవాళ్ళ ముందుకి ఎందుకెళ్ళిందో ఇతనికి చెప్పిందెవరు? గుండె ఆగి చచ్చాడన్నవాడు, ఇంకొకడు చావాల్సిందని ఎలా అంటున్నాడు?

దూరంగా నిలబడి చూసినవాడు చెప్పి ఉండాలి. చెప్పించుకున్నాడంటే ఇతను ముందునుంచీ వాళ్ళ మనిషే అయి ఉండాలి.

ఆమె అరచేతులు మంచుగడ్డల్లా అయిపోయాయి. ఇతని నడుముకి తుపాకీ ఉంది. వెనక ఇద్దరున్నారు. తన దగ్గర తల్లి, పసిపిల్ల, చెంచాలు, రొట్టెల బుట్ట. నువ్వే అని వేలు చూపిస్తే చాలు, పారిపోబోయాడనో తిరగబడ్డాడనో చెప్పి ఇక్కడే కాల్చేస్తాడు. ఊరుకుంటే కారెక్కించి కాల్చేస్తాడు.

ఆమె కుర్చీ ఎక్కి నిలబడింది.

"అందరికీ ఒక్క మాట!" ఆమె గొంతు వణికింది. వణికినా పైకే వచ్చింది. "నా పేరు ఎలోదియా బర్రగాన్. వీడు నా తమ్ముడు ఫెర్మీన్. క్వారీ కూలీల ఇర్మాని లోయలోకి తోసేసింది కళ్ళారా చూసినవాడు వీడే. రేపు పొద్దున కోర్టులో చెప్పబోతున్నాడు. ఈయన కమాండర్ లొమెలీ. రేపటిదాకా నా తమ్ముణ్ణి కంటికి రెప్పలా కాపాడతానని ఇప్పుడే మాటిచ్చారు. ఇలాంటి అధికారి మనకెక్కడ దొరుకుతారు? ఫోన్లు తియ్యండి! ఈయన మొహం తియ్యండి, బయటున్న కారు నంబరు తియ్యండి, మీ వాళ్ళందరికీ ఇప్పుడే పంపండి. రేపు వీడు కోర్టు మెట్లెక్కకపోతే ఎవర్ని అడగాలో ఊరంతటికీ తెలియాలి!"

ఎవరూ కదల్లేదు. ఎక్కడో ఒక బిడ్డ ఏడవబోయి ఊరుకుంది. తర్వాత మూల టేబుల్‌లో ఒక లావుపాటి ఆవిడ రొమ్ము సందులోంచి ఫోన్ తీసి పైకెత్తింది. "ఇర్మా నా మేనకోడలికి చదువు చెప్పింది" అంది ఎవరితోనూ కాకుండా. ఆ పక్కన ఇంకో చెయ్యి లేచింది. క్షణంలో ప్రతి టేబుల్ మీదా ఫోన్లే.

"కమాండర్, ఇటు చూడండి!" అని ఎవరో కేకేశారు.

లొమెలీ ఫెర్మీన్ చెయ్యి వదిలేశాడు. పెదవులు ఇంకా నవ్వుతున్నట్టే ఉన్నాయి. కానీ చెవులు ఎర్రబడ్డాయి. "మన ఎలోదియాకి నాటకాలంటే చిన్నప్పట్నుంచీ ఇష్టం" అన్నాడు అందరివైపూ చూస్తూ. తర్వాత ఆమెకి మాత్రమే వినపడేలా, "ఏం చేశావో నీకు తెలియడం లేదు" అని, ఫోన్ చెవికి పెట్టుకుంటూ బయటికి నడిచాడు. గాజు తలుపులోంచి చూస్తే కారుకి ఆనుకుని, నుదురు రుద్దుకుంటూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ఎలోదియా కుర్చీ దిగింది. దోన్యా కూకా కూతురి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య రుద్దింది, చలికాలం పొద్దున బడికి పంపే ముందు రుద్దినట్టు.

అప్పుడు మోగింది ఫెర్మీన్ ఫోన్. నయేలి.

అతను తియ్యబోతే ఎలోదియా లాక్కుంది.

"ఫెర్మీన్?" అటువైపు నయేలి గొంతు గొంతులా లేదు. "నువ్వు... నువ్వు ఉన్నావా?"

"నేను, ఎలోదియాని. వాడు బాగానే ఉన్నాడు. ఏమీ తాగలేదు."

అవతల ఏడుపు. ఆనందమో భయమో తెలియని ఏడుపు. "నేను చెప్పాలని చెప్పలేదు వదినా. బిడ్డని వాళ్ళు పట్టుకున్నారు. మీరు చర్చికి వెళ్ళారో లేదో లోపలికి వచ్చేశారు. ఫోన్ చెయ్యమన్నారు, టేబుల్ ఏదో అడగమన్నారు..."

ఫోన్ చేతులు మారింది. మగగొంతు. మర్యాదగా, తొందరేమీ లేకుండా.

"నమస్కారమండీ. మీ తమ్ముణ్ణి కమాండర్ గారి కారెక్కించండి. మేం వెంటనే వెళ్ళిపోతాం. మీ మరదలు, బిడ్డ క్షేమంగా ఉంటారు. ఎక్కించకపోతే మాత్రం మాకు వేరే దారి లేదు."

ఫోన్ ఆగిపోయింది.

ఫెర్మీన్‌కి మాటలు వినపడలేదు గానీ నయేలి ఏడుపు వినపడింది. అతను లేచాడు. చేతులు తుడుచుకుని, వంగి సిత్లాలి నుదుటి మీద ముద్దు పెట్టాడు. "నానమ్మ మాట విను" అన్నాడు.

"నాన్నా, ఎక్కడికి?"

"తమ్ముణ్ణి చూసొస్తా."

"నేనూ వస్తున్నా" అంది ఎలోదియా. "నోరెత్తకు. ఒక్కణ్ణే వెళ్ళి చేసేదేం లేదు." మక్లోవియాని పిలిచింది. "మా అమ్మనీ పిల్లనీ ఈ జనం మధ్యలోనే ఉంచు. నేను ఫోన్ చేసేదాకా పోలీసు వచ్చినా పాదిరీ వచ్చినా ఎవరివెంటా పంపకు."

ఇద్దరూ బయటికి వచ్చారు. వాళ్ళ వెనకే ఫోన్లు పట్టుకున్న జనం గుమ్మందాకా వచ్చింది. లొమెలీ వీళ్ళని చూసి ఫోన్ జేబులో పడేసుకున్నాడు.

"మాటిచ్చారుగా, కమాండర్. తీసుకెళ్ళండి" అంది ఎలోదియా అందరికీ వినపడేలా.

"ఇప్పుడు కుదరదు. వేరే బండి పంపిస్తా."

"మీ కారే కావాలన్నారు మీ వాళ్ళు." ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మా ఇంట్లో చంటిబిడ్డని పట్టుకుని కూర్చున్నవాళ్ళు. గెస్ట్‌హౌసుకి వద్దు, మా ఇంటికి పోనివ్వండి. మమ్మల్ని మీరు ఎక్కించుకోవడం వీళ్ళంతా చూస్తున్నారు. మా ప్రాణాలిప్పుడు మీ మెడకి కట్టి ఉన్నాయి. నడపండి."

లొమెలీ ఆమెని చూశాడు, గుమ్మంలోని ఫోన్లని చూశాడు. కారెక్కాడు. కానిస్టేబుళ్ళని అక్కడే ఉండమన్నాడు. ఎలోదియా అతని పక్కన కూర్చుంది. ఫెర్మీన్ వెనక.

దారిలో ఫెర్మీన్ పళ్ళు టకటకలాడడం ముందుకి వినిపిస్తోంది. ఎలోదియా చెయ్యి వెనక్కి చాచింది. అతను ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు, పసివాడిలాగే.

వాళ్ళ పేట మలుపు దగ్గర లొమెలీ ఫోన్ టింగుమంది. స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి చూశాడు. తెర మీద అతని బొమ్మే కదులుతోంది. "కంటికి రెప్పలా కాపాడతానని ఇప్పుడే మాటిచ్చారు" అంటున్న ఎలోదియా గొంతు, చుట్టూ జనం. దాని కింద ఎవరో ఒక్క ముక్క రాసి పంపారు. "చాలా బాగా కనపడుతున్నారు, కమాండర్. రండి."

కారు నెమ్మదించింది. అతని మెడమీద చెమట సెంటు వాసనని మింగేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎలోదియా ఆ మొహంలో భయం చూసింది. తన భయం లాంటిదే అది. ఏ తేడా లేదు.

"నీకింకా అర్థం కాలేదు" అన్నాడు. "సాక్షి నోరు మూయిస్తే పని అయిపోయేది. ఇప్పుడు నా మొహం ఊరంతా తిరుగుతోంది. రేపెవరైనా నన్ను కూర్చోబెట్టి అడిగితే నేను తొవార్ పేరు చెప్తానని వాళ్ళకి తెలుసు. వాళ్ళు ఎదురుచూస్తున్నది నీ తమ్ముడి కోసం కాదిప్పుడు. నా కోసం."

అతను కారు వెనక్కి తిప్పబోయాడు. ఎలోదియా స్టీరింగు పట్టుకుంది.

"లోపల బిడ్డ ఉంది."

"చస్తాం, ఎలోదియా!"

"మీ రెండో తుపాకీ ఇటివ్వండి. కాలికి కట్టుకుంటారు, నాకు తెలుసు."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత వంగి, దాన్ని విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు.

కారు వీధిలోకి తిరిగింది. ఎండ ఇంకా ఉన్నా పిల్లలెవరూ ఆడుకోవడం లేదు. ఇరుగుపొరుగు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఫెర్మీన్ ఇంటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. గడపలో ఒక మనిషి తీరిగ్గా కూర్చుని, ఒళ్ళో చంటిబిడ్డని ఊపుతున్నాడు. కారుని చూసి బిడ్డ చిన్న చెయ్యి పట్టుకుని, వీళ్ళ వైపు మెల్లగా ఊపించాడు.